కోడికి ఎండ తెలిసేది తలలో కాదు

మాది సిరొంచ. మహారాష్ట్ర మ్యాపులో గడ్చిరోలి జిల్లా అట్టడుగున, తెలంగాణకు ఆనుకుని ఉంటుంది. ప్రాణహిత మా దగ్గరే గోదావరిలో కలుస్తుంది. అవతలి ఒడ్డున కాళేశ్వరం. పిల్లలు బళ్ళో మరాఠీ చదువుతారు, ఇంటికొచ్చి తెలుగులో కొట్లాడుకుంటారు. ఉన్హాళా అన్నా ఎండాకాలం అన్నా మాకు ఒకటే: రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఎండ. మాకు ఎగువనున్న చంద్రపూర్‌లో మే నెలలో 46, 47 డిగ్రీలు చూడటం ఎవరికీ కొత్త కాదు.

కిందటేడు అలాంటి ఒక మధ్యాహ్నం నా చేతులారా నాలుగు కోళ్ళను పోగొట్టుకున్నాను. చల్లగా ఉంచాలనుకునే ఆ పని చేశాను. బంధువుల ఇంట్లో పనుండి పదింటికే బయల్దేరాలి. అప్పటికే వడగాడ్పు మొదలైంది. కుక్కల భయానికి కోళ్ళను గంప కింద కమ్మేశాను. ఎండకు తట్టుకోలేవేమోనని రెండు గోనెసంచులు తడిపి, గంప చుట్టూ సందు లేకుండా కప్పి, పైన ఇంకో బిందెడు నీళ్ళు పోసి వెళ్ళాను. మూడింటికి వచ్చి గంప లేపితే, ఇడ్లీ గిన్నె మూత తీసినట్టు ముఖానికి ఆవిరి కొట్టింది. మూడు పెట్టలు, ఒక పుంజు మెడలు వాల్చేసి ఉన్నాయి. ఒక్క నల్లపెట్ట మాత్రం గంప అంచున సంచి కాస్త జారిన చోట తల ఆనించి, ముక్కు తెరుచుకుని బతికుంది. పక్కింటివాళ్ళ కోళ్ళు అదే ఎండలో వేపచెట్టు కింద మట్టిలో గుంతలు చేసుకుని కూచున్నాయి. వాటి మీద ఎవరూ చుక్క నీళ్ళు చల్లలేదు. అవి బాగానే ఉన్నాయి.

"గాలాడక సచ్చినయ్ బిడ్డా, ఎండకు గాదు" అంది మా అత్తమ్మ. ఆమె అన్నది నిజం. అది ఎందుకు నిజమో అర్థం కావడానికి నాకు చాలా రోజులు పట్టింది. వెతుక్కుంటూ పోతే, పక్షి ఒంట్లో వేడిని చూసుకునే ఏర్పాటు మన ఒంట్లో ఉన్నదానికంటే చాలా వేరని తెలిసింది. ముఖ్యంగా మెదడు చేసే పని. అది నేననుకున్నట్టు అస్సలు లేదు.

ముందు ఒక లెక్క. మన ఒళ్ళు 37 డిగ్రీల దగ్గర ఉంటుంది. కోడి ఒళ్ళు మామూలుగానే 41, 41.5 డిగ్రీలు. మనకు అంత జ్వరం వస్తే ఆస్పత్రికి పరుగెత్తాలి. పిచ్చుకలాంటి చిన్న పిట్టల్లో ఇంకాస్త ఎక్కువ, 42 దాకా. ఈము, నిప్పుకోడిలాంటి పెద్ద పక్షుల్లో తక్కువ, 38, 39 దగ్గర. ఇంత వేడిగా ఉండటం వల్ల పక్షి కండరాలు వేగంగా పనిచేస్తాయి. కానీ ప్రమాదపు గీత కూడా దగ్గర్లోనే ఉంటుంది. ఒంట్లో వేడి 46, 47 డిగ్రీలకు చేరితే పక్షి బతకదు. అంటే కోడికి మామూలు స్థితికీ చావుకూ మధ్య ఉన్నది అయిదారు డిగ్రీలే.

ఈ వెచ్చటి ఒళ్ళు నిన్న మొన్నటిది కాదు. పక్షులు డైనోసార్ల వంశంలోవే. మా ప్రాణహిత–గోదావరి లోయ రాతిపొరల్లోనే బరపాసారస్ అనే పెద్ద డైనోసార్ ఎముకలు దొరికాయి. రవీంద్రనాథ్ టాగూర్ మీద గౌరవంతో దానికి బరపాసారస్ టాగోరై అని 1975లో పేరు పెట్టారు. అది పక్షులకు నేరుగా పూర్వీకురాలు కాదు, పొడవాటి మెడతో ఆకులు మేసే జాతిది. అయినా ఆ పెద్ద డైనోసార్ల పళ్ళలోని రసాయన గుర్తులను బట్టి చూస్తే వాటి ఒళ్ళు కూడా 36, 38 డిగ్రీల మధ్య వెచ్చగా ఉండేదని శాస్త్రవేత్తలు 2011లో లెక్కగట్టారు. మా వాకిట్లో మట్టి గీరుకునే పెట్ట వెనక ఇంత పాత కథ ఉందంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

ఇప్పుడు మెదడు సంగతి. మన తలలో, మెదడు అడుగున, హైపోథలమస్ అనే చిన్న భాగం ఉంది. ఆకలి, దాహం, నిద్ర, ఒంటి వేడి అన్నీ అక్కడ నడుస్తాయి. మనలాంటి పాలిచ్చే జంతువుల్లో ఈ హైపోథలమస్ ముందుభాగం రెండు పనులు చేస్తుంది. ఒకటి, దాని గుండా పారే రక్తం ఎంత వేడిగా ఉందో తానే కొలుస్తుంది. రెండు, ఆ కొలతనూ చర్మం నుంచి వచ్చే కబుర్లనూ కలిపి, చెమట పట్టించాలా, వణికించాలా అని నిర్ణయిస్తుంది. అంటే థర్మామీటరూ డాక్టరూ ఒకే గదిలో ఉన్నట్టు. కుక్క హైపోథలమస్‌ను మాత్రమే కొంచెం వేడి చేస్తే, ఒళ్ళు చల్లగా ఉన్నా సరే, నాలుక బయటపెట్టి రొప్పుతుంది. పక్షిలో కూడా ఇలాగే ఉంటుందని మొదట్లో అందరూ అనుకున్నారు.

అది తేల్చుకోవడానికి 1960లు, 70లలో జర్మనీ శాస్త్రవేత్తలు పావురాల మీద, బాతుల మీద ప్రయోగాలు చేశారు. పక్షి వెన్నెముక లోపల, వెన్నుపాము పక్కన, వెంట్రుకంత కాకపోయినా చాలా సన్నటి గొట్టం పెట్టి, దాంట్లో వేడినీళ్ళో చల్లనీళ్ళో పారించారు. మిగతా ఒంటి వేడి పెద్దగా మారదు, వెన్నుపాము ఒక్కటే వేడెక్కుతుంది లేదా చల్లబడుతుంది. వెన్నుపామును చల్లబరచగానే పావురం వణకడం మొదలుపెట్టింది, గది వెచ్చగా ఉన్నా సరే. వేడి చేస్తే ముక్కు తెరిచి రొప్పింది. అదే ప్రయోగం బాతు తలలో హైపోథలమస్ దగ్గర చేసి, దాన్ని చల్లబరిస్తే వణుకు రాలేదు. పైగా, ఉన్న వణుకు కూడా తగ్గింది! మనిషిలోనో కుక్కలోనో జరిగేదానికి ఇది పూర్తిగా తలకిందులు.

అన్ని పక్షులూ ఒకే అచ్చు కావు. ఊరపిచ్చుకల్లో హైపోథలమస్‌ను వేడి చేసినా చల్లబరిచినా ఒంటి వేడి మారుతుందని వేరే ప్రయోగాల్లో తేలింది. కానీ పావురం, బాతు, కోడిలాంటి వాటిలో లోపలి వేడిని కొలిచే ముఖ్యమైన థర్మామీటరు తలలో లేదు, వెన్నులో ఉంది. కడుపులోని అవయవాల దగ్గర కూడా ఇలాంటి కొలిచే నరాలు ఉన్నాయి. వెన్నుపాము ఎంత స్వతంత్రంగా ఉంటుందంటే, మెదడుతో లంకె తెగిపోయిన పావురంలో కూడా దాన్ని చల్లబరిస్తే కండరాలు కొంత వణికాయి.

మరి మెదడు ఏం చేస్తోంది? పంచాయితీ చేస్తోంది. వెన్ను నుంచి ఒక కబురు, చర్మం నుంచి ఒక కబురు, కడుపు నుంచి ఇంకొకటి వస్తాయి. ఒంట్లో నీళ్ళు ఎన్ని ఉన్నాయి, పక్షి ఆకలితో ఉందా, ఇది పగలా రాత్రా అన్న సమాచారం కూడా హైపోథలమస్ దగ్గరే ఉంటుంది. అన్నీ విని, ఏ పని ముందు చేయాలో అది చెబుతుంది. ఆ భాగం దెబ్బతింటే కోడి ఎండలో సరిగా రొప్పలేదు, ఒళ్ళు అదుపు తప్పుతుంది. కాబట్టి మెదడు లేకుండా పని జరగదు. కాకపోతే అది తన వేడిని తాను చూసుకుని కాదు, ఒంటి మాట విని తీర్పు చెబుతుంది.

చర్మం నుంచి వచ్చే కబురు గురించి ఒక్క మాట, ఎందుకంటే అందులో మన మిరపకాయ ఉంది. నరాల కొసల్లో వేడికి తెరుచుకునే చిన్న చిన్న గేట్లలాంటి ప్రోటీన్లు ఉంటాయి. వాటిలో ఒకదాని పేరు టీఆర్‌పీవీ1. మనలో అది సుమారు 43 డిగ్రీల వేడికి తెరుచుకుంటుంది. మిరపకాయలో కారం పుట్టించే క్యాప్సైసిన్‌కు కూడా అదే తెరుచుకుంటుంది. అందుకే కారం తింటే నోరు "మండుతుంది", చెమట పడుతుంది. నోరు కాలినట్టు మెదడుకు తప్పుడు కబురు పోతుంది. ఈ గేటును కనిపెట్టినందుకు డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన బృందమే 2002లో కోడిలోని ఇదే గేటును పరీక్షించింది. కోడి గేటు వేడికి తెరుచుకుంది, క్యాప్సైసిన్‌కు తెరుచుకోలేదు. రామచిలుక పచ్చిమిరపకాయను జామపండులా తినడం వెనక రహస్యం ఇదే. చాలా పక్షులు గింజలను నమలవు గనక అవి రెట్టలో పాడవకుండా బయటపడి మొలుస్తాయి. మా దగ్గర మిరప ఏరడానికి ఏటా తెలంగాణ వైపు వెళ్ళే ఆడవాళ్ళు సాయంత్రానికి చేతులు మంటలని గంజిలో ముంచుకుంటారు. అదే చేనులో పండుమిర్చి మింగిన పిట్ట హాయిగా ఎగిరిపోతుంది. దానికి ఆ కారం తెలియదు, ఎండ మాత్రం తెలుస్తుంది.

తీర్పు సరే, అమలు ఎలా? పక్షికి చెమట గ్రంథులు లేవు. ఒంటి నిండా ఈకల దుప్పటి. మొదటి మార్గం దానికి మూసుకుపోయినట్టే. అందుకే మెదడు చవకైన ఉపాయాల నుంచి ఖరీదైన వాటికి వరసగా పోతుంది. మా అత్తమ్మ ఎండాకాలంలో నీళ్ళు వాడినట్టు: ముందు కడిగిన నీళ్ళు చెట్టుకు, ఆఖరికే తాగే బిందె మీద చెయ్యి.

అన్నిటికంటే చవకైనది కాళ్ళకు రక్తం పంపడం. కోడి కాళ్ళకు ఈకలు ఉండవు. ఎముకా, చర్మం, పొలుసులు, రక్తనాళాలు, అంతే. వేడి చేసినప్పుడు మెదడు నరాల ద్వారా ఆ రక్తనాళాలను తెరిపిస్తుంది. వేడి రక్తం కాళ్ళలోకి పారి గాలికీ నేలకూ వేడి వదిలేస్తుంది. చలికాలంలో అదే మెదడు ఆ దారి బిగిస్తుంది. కాలి మొదట్లో కిందికి పోయే నాళాలూ పైకి వచ్చే నాళాలూ ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. దిగే రక్తం వేడిని ఎక్కే రక్తం అందుకుంటుంది, వేడి కాళ్ళ దాకా పోకుండా ఒంట్లోనే ఉండిపోతుంది. మీ ఇంట్లో కోడి ఉంటే జనవరి తెల్లవారుజామున ఒకసారి, మే నెల మధ్యాహ్నం ఒకసారి దాని కాలు చేత్తో పట్టుకుని చూడండి. చలికాలంలో చల్లటి పుల్ల పట్టుకున్నట్టుంటుంది. ఎండాకాలంలో వేడి చాయ్ గ్లాసే.

తల మీది ఎర్ర జుట్టు, గదవ కింద వేలాడే ఎర్ర తోలు కూడా ఇదే పని చేస్తాయి. దక్షిణ అమెరికాలో టూకాన్ అనే పక్షి ఉంది, దాని ముక్కు ఒంటి పొడవులో మూడో వంతు ఉంటుంది. వేడి చేసినప్పుడు అది ఆ ముక్కులోకి రక్తం పంపి చల్లబడుతుందని 2009లో వేడిని చూపించే కెమెరాతో పట్టుకున్నారు. మెడ మీద ఈకలు లేని కోళ్ళ జాతి ఒకటుంది. ఒకే జన్యువు వల్ల వాటికి ఈకలు దాదాపు 40 శాతం దాకా తగ్గుతాయి, ఎండకు మిగతా కోళ్ళకంటే బాగా తట్టుకుంటాయి.

కాళ్ళు చాలకపోతే కోడి నీడకు పోతుంది, రెక్కలు ఒంటికి దూరంగా వదిలేస్తుంది, చల్లటి మట్టిలో గుంత చేసుకుని పొట్ట ఆనిస్తుంది. తిండి తగ్గిస్తుంది, ఎందుకంటే తిన్నది అరగడంలో కూడా వేడి పుడుతుంది. ఇవన్నీ కోడి తెలివిగా మనకు కనిపిస్తాయి గానీ, హైపోథలమస్ పంపిన హుకుంలే. అవేవీ చాలనప్పుడే నీళ్ళ బిందె మీద చెయ్యి పడుతుంది: రొప్పు.

మామూలుగా నిమిషానికి 30 లోపు ఊపిరి తీసే కోడి, రొప్పినప్పుడు 150, 200 దాటుతుంది. నోరు, గొంతు, ఊపిరి దారుల్లోని తడి ఆవిరవుతుంది. ఆవిరికి ఎంత బలముందో చూడండి: ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ వేడి చేయడానికి ఒక క్యాలరీ చాలు. అదే గ్రాము ఆవిరైపోవాలంటే సుమారు 580 క్యాలరీలు కావాలి. ఆ వేడంతా ఒంట్లో నుంచే పోతుంది. నీటికాకి, గూడబాతు, గుడ్లగూబ, పావురంలాంటివి ఇంకో పద్ధతి కూడా వాడతాయి. గొంతు కింది పల్చటి తోలును గబగబా అల్లాడిస్తాయి. ఛాతీ మొత్తం కదిలించనక్కర్లేదు గనక శ్రమ తక్కువ. పావురాలు, గువ్వలు చర్మం గుండా కూడా చాలా నీటిని ఆవిరి చేయగలవు. కొన్ని పెద్ద కొంగజాతులు తమ కాళ్ళ మీద తామే నీళ్ళ రెట్ట వేసుకుంటాయి, ఆ తడి ఆరినప్పుడు కాళ్ళు చల్లబడతాయి. చూసేవాళ్ళకు అది రోతగా ఉండొచ్చు. నాకు మాత్రం నీళ్ళు లేని చోట బతకడానికి అంతకన్నా మంచి ఉపాయం తోచదు.

రొప్పుకు ఖరీదు ఉంది. నీళ్ళు పోతాయి. గాలితో పాటు రక్తంలోని కార్బన్ డయాక్సైడ్ కూడా మితిమీరి బయటికి పోతుంది, దాంతో రక్తంలో ఆమ్లగుణం తగ్గుతుంది. గుడ్డు పెంకు కాల్షియం కార్బొనేట్. ఆ కార్బొనేట్ తయారవడానికి కార్బన్ డయాక్సైడే మూలం. అది గాలిలో కలిసిపోతే పెంకుకు సరుకు ఉండదు. రక్తంలో వాడుకోదగ్గ కాల్షియం కూడా తగ్గుతుంది. మే నెలలో పెంకు పల్చబడి, బుట్టలో పెడుతుండగానే చిట్లిపోయే గుడ్లు మీకూ తగిలే ఉంటాయి. దాణాలో కాల్షియం తక్కువైందని సున్నం పొడి కలుపుతూ కూచుంటాం. అసలు సంగతి ఆ కోడి రోజంతా రొప్పుతోంది. మెదడు ముందు ప్రాణం చూసుకుంది, గుడ్డును పక్కన పెట్టింది.

ఇక్కడ నన్ను బాగా ఆకట్టుకున్న విషయం. పక్షి కంటి వెనక, కణత దగ్గర, సన్నటి రక్తనాళాల వల ఒకటి ఉంటుంది. మెదడు వైపు పోయే వేడి రక్తం ఈ వలలోంచి పారుతుంది. దానికి ఆనుకునే ముక్కు, నోరు, కళ్ళ నుంచి వెనక్కి వచ్చే రక్తం ఎదురు పారుతుంది. నోట్లో తడి ఆవిరై ఆ రక్తం చల్లబడి ఉంటుంది. కంటి తడి ఆరడం వల్ల కూడా కొంత చల్లబడుతుంది. రెండూ పక్కపక్కనే పారుతుంటే మెదడుకు పోయే రక్తం వేడి తగ్గుతుంది. అలా చాలా పక్షుల్లో మెదడు ఒంటికంటే ఒక డిగ్రీ వరకూ చల్లగా ఉంటుంది. ఒళ్ళు 44 దాకా వేడెక్కినా మెదడు కాస్త కింద ఉంటుంది. ప్రాణానికీ చావుకూ మధ్య అయిదారు డిగ్రీలే ఉన్న చోట ఒక డిగ్రీ అంటే చిన్న మాట కాదు.

ఇది తెలిశాక నాకు వెన్నుపాము సంగతి ఇంకో రకంగా కనిపించింది. రొప్పినకొద్దీ తల చల్లబడుతుంది. థర్మామీటరు ఒక్క తలలోనే ఉండుంటే, "నేను చల్లగానే ఉన్నాను, రొప్పు ఆపు" అని మెదడు అనేది. అప్పటికి ఒళ్ళు కాలిపోతూ ఉండేది. తల చల్లగా ఉండే జీవికి కొలత ఒంట్లో ఉండటమే క్షేమం. అది నా ఆలోచన, కానీ చూసినకొద్దీ సరిగ్గానే ఉందనిపిస్తోంది.

ఇప్పుడు నా గంప దగ్గరికి వద్దాం. వేడి ఎప్పుడూ ఎక్కువ ఉన్నచోటి నుంచి తక్కువ ఉన్నచోటికి పోతుంది. బయట 36 డిగ్రీలుంటే 41 డిగ్రీల కోడి నుంచి గాలికి వేడి పోతూనే ఉంటుంది. పక్షులు ఒక యుక్తి కూడా చేస్తాయి. ఒంటి వేడిని రెండు మూడు డిగ్రీలు పెరగనిస్తాయి. ఒళ్ళు 43, 44 అయితే 40 డిగ్రీల గాలికి కూడా ఇంకా వేడి వదలొచ్చు, నీళ్ళు మిగులుతాయి. కానీ బయట 46 అయితే లెక్క తారుమారు. ఇక గాలి నుంచే కోడి ఒంట్లోకి వేడి ఎక్కుతుంది. అప్పుడు కాళ్ళు పనిచేయవు, జుట్టు పనిచేయదు. మిగిలిన దారి ఒక్కటే, ఆవిరి. ఆ ఆవిరి కావాలంటే చుట్టూ గాలి పొడిగా ఉండాలి, కదులుతూ ఉండాలి. మన సిరొంచ వడగాడ్పు మనకు నరకంలా ఉంటుంది గానీ, అది పొడిగాలి. నీడలో ఉన్న కోడికి ఆ పొడితనమే ప్రాణం కాపాడుతుంది.

నేను తడిసంచులతో గంప సందులన్నీ మూసేశాను. లోపల అయిదు కోళ్ళు రొప్పుతున్నాయి. ఒక్కోటి నిమిషానికి రెండొందల సార్లు తడిగాలి వదులుతోంది. సంచుల తడి కూడా లోపలే ఉండిపోయింది. కాసేపటికి గంపలో గాలి తడితో నిండిపోయి, ఇక కోడి నోట్లోని తడి ఆవిరి కావడానికి చోటు లేకుండా పోయింది. వెన్నులో వేడి పెరుగుతోందని కబురు పోతూనే ఉంది, ఇంకా గట్టిగా రొప్పమని మెదడు చెబుతూనే ఉంది. రొప్పడం కూడా కండరాల పనే, దానివల్ల ఇంకొంచెం వేడి పుట్టింది. ఫలితం లేని రొప్పు, దానికి మళ్ళీ వేడి. నాలుగు కోళ్ళూ ఆ సుడిలో పోయాయి. నల్లపెట్ట తల దగ్గర సంచి జారింది, ఆ బెత్తెడు సందులోంచి పొడిగాలి తగిలింది.

అదే తడిసంచిని గంపకు మూరెడు దూరంలో, గాలి వచ్చే వైపు వేలాడదీసి ఉంటే కథ వేరు. గాలి సంచిలోంచి వచ్చి చల్లబడి, అవతలి వైపు నుంచి పోయేది. కూలర్ పనిచేసేది అలాగే కదా. కిటికీలన్నీ మూసి కూలర్ పెడితే గది ఉక్కపోతతో ఎలా నిండిపోతుందో మనందరికీ తెలుసు. అది తెలిసి కూడా గంప దగ్గర నాకు తట్టలేదు.

గుడ్లకూ పిల్లలకూ ఈ ఏర్పాటేదీ ఉండదు. గుడ్డులోని పిల్లకు 37.5 డిగ్రీల చుట్టూ ఉండాలి, అది తనంతట తాను ఏమీ చేసుకోలేదు. పొదిగే తల్లే దాని మెదడు. ఏప్రిల్‌లో ప్రాణహిత ఎండి గులకరాళ్ళ తిన్నెలు బయటపడ్డప్పుడు, తీతువు పిట్ట ఆ రాళ్ళ మధ్యే గుడ్లు పెడుతుంది. మధ్యాహ్నం ఆ రాళ్ళ మీద చెప్పులు లేకుండా నడవలేం. ఒకసారి నది దాటి వస్తూ ఆ పిట్టను దగ్గరగా చూశాను. గుడ్ల మీద కూచోలేదు, కాళ్ళు చాచి వాటికి నీడ పడేట్టు నిలబడింది, ముక్కు తెరిచి ఉంది. తర్వాత నీళ్ళ దగ్గరికి నడిచి వెళ్ళి, పొట్ట నీళ్ళలో ముంచి, ఈకలు తడి కారుతుండగా తిరిగొచ్చి గుడ్ల మీద కూచుంది. లేచి మళ్ళీ వెళ్ళింది. నేను నిలబడ్డ పది నిమిషాల్లో రెండుసార్లు. తన మెదడుకు తెలిసిన ఎండను గుడ్ల తరఫున కూడా అది లెక్క వేస్తోంది. ఆ రోజు నుంచి ఆ తిన్నె మీద నడవాలంటే కాళ్ళ కింద చూసుకునే నడుస్తాను.

కోడిపిల్ల పుట్టీపుట్టగానే నడుస్తుంది, గింజలు ఏరుతుంది, కానీ మొదటి రెండు వారాలు ఒంటి వేడిని నిలుపుకోలేదు. అందుకే ఫారాల్లో మొదటి వారం బల్బుల కింద 33, 35 డిగ్రీలు ఉంచి, వారం వారం కొంచెం కొంచెంగా తగ్గిస్తారు. పావురం, పిచ్చుక పిల్లలైతే ఈకలు లేకుండా పుడతాయి, వాటికి ఇంకా ఆలస్యం. ఈ రోజుల్లోనే హైపోథలమస్ తన లెక్కలు నేర్చుకుంటుంది. ఇజ్రాయెల్‌లో బ్రాయిలర్ పిల్లలను మూడో రోజున ఒక్క రోజు పాటు 36, 37.5 డిగ్రీల మధ్య ఉంచి చూశారు. అవి పెద్దయ్యాక ఎండదెబ్బకు మిగతావాటికంటే బాగా తట్టుకున్నాయి. పసితనంలో తగిలిన ఆ కాస్త వేడికి హైపోథలమస్ పనితీరే మారింది. జాగ్రత్తగా కొలిచి చేసే పని అది, మన ఇంట్లో పిల్లలను ఎండలో పెట్టి ప్రయత్నించేది కాదు. ఆస్ట్రేలియాలో జీబ్రా ఫించ్ అనే చిన్న పిట్టలున్నాయి. ఎండ ఎక్కువైతే గుడ్డు పగలడానికి ముందు రోజుల్లో తల్లిదండ్రులు గుడ్లతో ఒక ప్రత్యేకమైన కూత కూస్తాయని 2016లో బయటపడింది. ఆ కూత విన్న పిల్లలు వేడి గూట్లో కాస్త చిన్న ఒంటితో పెరుగుతాయి. చిన్న ఒళ్ళు వేడిని త్వరగా వదులుతుంది.

చలి సంగతి మా ఊళ్ళో పెద్దగా చెప్పుకునేది కాదు. చలికి పక్షి ఈకలు ఉబ్బించుకుంటుంది, ఛాతీ కండరాలతో వణుకుతుంది. మన పసిపిల్లలకు వేడి పుట్టించే గోధుమరంగు కొవ్వు పక్షులకు లేదు. జబ్బు చేసిన కోడి కూడా ఎండాకాలంలో ఈకలు ఉబ్బించుకుని ముడుచుకు కూచోవడం చూస్తాం. అది చలి కాదు, జ్వరం. క్రిములు వచ్చినప్పుడు పక్షి మెదడు కూడా మన మెదడులాగే వేడి గీతను పైకి జరుపుతుంది. దాన్ని బలవంతంగా చల్లనీళ్ళలో ముంచితే మెదడు ఇంకా గట్టిగా వేడి పుట్టిస్తుంది, నీరసం మీద నీరసం. కోడి ముడుచుకుని నోరు మూసుకుని ఉంటే జబ్బు, రెక్కలు చాచి నోరు తెరిచి ఉంటే ఎండ. చాలావరకు తేడా ఒక్క చూపులో తెలుస్తుంది.

ఈ ఏడు మా వాకిట్లో కొన్ని మారాయి. దాణా ఆరున్నరకు ముందే వేస్తున్నాను, మళ్ళీ పొద్దు గూకాకే. మధ్యాహ్నం అరిగే వేడి, ఎండ వేడి రెండూ ఒకేసారి మీద పడకుండా. నీళ్ళ గిన్నెను రేకుల కింద నుంచి తీసి వేపచెట్టు మొదట్లో మట్టి కుండలో పెట్టాను. ప్లాస్టిక్ గిన్నెలో పన్నెండు గంటలకే నీళ్ళు స్నానానికి కాచినట్టు అయ్యేవి, కోళ్ళు ముక్కు ముంచి వదిలేసేవి. ఎండలో కోడిని పట్టుకోవడం, తరమడం మానేశాం. పరుగు తీస్తే కండరాల వేడి ఒక్కసారిగా ఎక్కుతుంది. గంపను ఇటుకల మీద ఎత్తి పెట్టాను, కింద నుంచి గాలి పోయేట్టు. తడిసంచి తాడు మీద విడిగా వేలాడుతోంది. బ్రాయిలర్ ఫారం పెట్టినవాళ్ళకు ఈ బాధ ఇంకా ఎక్కువ. ఆ కోడి వేగంగా పెరగాలని తయారైంది గనక ఎక్కువ తింటుంది, ఎక్కువ వేడి పుట్టిస్తుంది, గాలాడని షెడ్డులో వేల కోళ్ళు ఒకదాని తడిని ఒకటి పీలుస్తాయి. ఫ్యాన్లు ఆగిన గంటలో వాళ్ళకు వచ్చే టెన్షన్ నాకిప్పుడు అర్థమవుతోంది.

నిన్న మధ్యాహ్నం రెండింటికి బోరింగు దగ్గరికి నీళ్ళకు వెళ్ళాను. నల్లపెట్ట అక్కడే ఉంది. నీళ్ళు ఒలికి బురదైన చోట, మడమల దాకా కాళ్ళు దిగేసి నిలబడి ఉంది. రెక్కలు కొంచెం వదులుగా ఉన్నాయి, ముక్కు మూసే ఉంది. నేను ఇంకో రెండు కొట్లు కొట్టి బురదలోకి నీళ్ళు వదిలాను. అది కదలలేదు.